ఫిజీ కొబ్బరి శలభము

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘ సభలలో సంగీతమును గురించి, నాటకమును గురించి, ప్రబంధములను గురించి పెద్దలు మాట్లాడుట ఆనవాయితీ. నేను ఈ సాయంకాలము ఒక పురుగును గురించి మాట్లాడదలచినాను. ఆహ్వానపత్రములో విషయమును చూచి మా ఇంటి పిల్లలే ముందుగా నవ్వినారు. నేను జంతుశాస్త్రము చదివినవాడను కాను. చరిత్రలో పట్టము పుచ్చుకొని, సచివాలయములో దస్త్రముల మధ్య ఇరువది సంవత్సరములకు పైగా గడిపినవాడను. ఫిజీ ద్వీపములకు వలసపోయిన తెలుగువారి చరిత్రను చదువుచుండగా ఈ పురుగు నాకు తటస్థపడినది. దాని కథలో ఒక ప్రభుత్వ నిర్ణయమున్నది. ఆ నిర్ణయము సరియైనదా కాదా అని నేను పలుమారులు ఆలోచించినాను. ఆ ఆలోచననే మీ ముందుంచుచున్నాను.

ఫిజీ పసిఫిక్ మహాసముద్రములో మూడు వందలకు పైగా ద్వీపముల సముదాయము. వానిలో విటి లెవు, వనువా లెవు అనునవి పెద్దవి. 1874లో ఆ దేశము బ్రిటిషువారి వలసరాజ్యమయినది, 1970లో స్వతంత్రమయినది. 1879 మొదలు 1916 వరకు సుమారు 60 వేల మంది భారతీయులు చెరకు తోటలలో కూలిపనికై ఒప్పందము మీద అక్కడికి వెళ్లినారు. ఆ ఒప్పందమునకే ‘గిర్మిట్’ అని పేరు వచ్చినది. 1903 నుండి మద్రాసు రేవు ద్వారా కూడ ఓడలు బయలుదేరినవి. ఆ విధముగా వెళ్లిన దక్షిణాదివారిలో తెలుగు జిల్లాలవారు అనేకులున్నారు. వారు మన వంటివారే. ఊరు విడిచి పోయినను భాషను విడువలేదు. 1926లో దక్షిణ భారతీయులందరు కలిసి నాండీ పట్టణములో ఒక సంగమును స్థాపించుకొన్నారు. 1941లో తెలుగువారు తమకు ప్రత్యేకముగా ఆంధ్ర సంగమును ఏర్పరచుకొన్నారు. నేను చెప్పబోవు సంఘటనలు జరిగిన విటి లెవు ద్వీపమే వారిలో అధికులకు నివాసము.

కొబ్బరికాయ లేక మనకు శుభకార్యము లేదు. ఈ సభ కూడ కొబ్బరికాయ కొట్టియే ప్రారంభించితిమి. ఫిజీ మూలవాసులకు కొబ్బరి అంతకన్న దగ్గరిది. కాయ వారికి ఆహారము, నీరు పానీయము, పాలు ప్రతి వంటలోను పడును, నూనె ఒంటికి రాసుకొందురు. ఆకులతో బుట్టలు అల్లుదురు. పీచుతో పేనిన త్రాడును వారు ‘మంగిమంగి’ అందురు. ఇండ్ల దూలములను, పడవల చెక్కలను ఆ త్రాటితోనే బిగించి కట్టుట వారి పూర్వాచారము. కాయలోని కొబ్బరిని ఎండబెట్టి విదేశములకు పంపుట వలసప్రభుత్వ కాలములో చెరకు తరువాత వారికి ముఖ్యమైన వ్యాపారము. ఐరోపాలో సబ్బు చేయువారికి, కృత్రిమపు వెన్న చేయువారికి ఆ ఎండుకొబ్బరి నూనె కావలసియుండెడిది. పెద్ద తోటలు అధికముగా వనువా లెవు, తవేయుని ద్వీపములలోను, తూర్పుననున్న లావు దీవులలోను ఉండెడివి.

ఇక మన కథానాయిక సంగతి. దాని శాస్త్రీయ నామము లెవువానా ఇరిడెసెన్స్. 1906లో బేతూన్ బేకర్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దానికి ఈ పేరు పెట్టినాడు. ఇరిడెసెన్స్ అనగా ఇంద్రధనుస్సు వలె రంగులు మార్చునది. శలభములనగా మనకు దీపము చుట్టు తిరుగు బూడిదరంగు పురుగులే జ్ఞప్తికి వచ్చును. ఇది అట్టిది కాదు. రెక్కలు చాచినను అంగుళమునకు మించని చిన్న ప్రాణి. పైభాగము ఊదా కలిసిన నీలము. వెలుగు పడిన వైపును బట్టి నెమలికంఠము వలె మెరయును. క్రింది భాగము పసుపు వన్నె. ఇది పుట్టిన కుటుంబములో పగటివేళ ఎగురు శలభములే ఎక్కువ. వాని రంగులు సీతాకోకచిలుకల రంగులకు తీసిపోవు. లెవువానా అను ప్రజాతిలో శాస్త్రజ్ఞులెరిగినది ఈ ఒక్క జాతియే. ప్రపంచములో ఫిజీ తప్ప మరియొక చోట అది ఎవరికిని కనబడలేదు.

అందమైన ఆ శలభము వలన చెట్టుకు హాని లేదు. హాని చేయునది దాని పిల్ల, అనగా గొంగళిపురుగు. తల్లి కొబ్బరి ఆకుల మీద గ్రుడ్లు పెట్టును. కొద్ది దినములలో గ్రుడ్లు పగిలి పురుగులు బయటికి వచ్చును. అవి ఆకు అడుగుభాగమున చేరి పచ్చని కండను గీకి తినును. పై పొరను మాత్రము విడిచిపెట్టును. ఆ పై పొర ఎండి బూడిదరంగుకు తిరుగును. కొన్ని వారములు తిని బలిసిన తరువాత పురుగు గూడు కట్టుకొని అందులో రూపము మార్చుకొని శలభమై వెలువడును. సంవత్సరములో ఇట్టి తరములు అనేకములు గడచును. ఒక్కొక్క చెట్టు మీద పురుగులు వేలకొలది చేరినప్పుడు తోట యావత్తు నిప్పంటుకొని కాలిపోయినట్లు దూరమునకే కనబడెడిదట.

కొబ్బరి చెట్టు సంగతి కోనసీమవారికి నేను చెప్పనక్కరలేదు. తక్కినవారి కొరకు ఒక మాట చెప్పెదను. మంచి చెట్టుకు సుమారు ముప్పది మట్టలుండును. నెలకొకటి చొప్పున క్రొత్త మట్ట వచ్చును. ప్రతి మట్ట మొదటనే పొత్తి పుట్టి గెలయగును. పిందె కాయగా ముదురుటకు దాదాపు ఒక సంవత్సరము పట్టును. కనుక ఒక్క ఋతువులో ఆకులన్నియు పోయిన చెట్టు ఆ ఋతువునకే నష్టపడి ఊరుకొనదు. పిందెలు రాలిపోవును, తరువాతి గెలలు రావు, తిరిగి కోలుకొని కాపు పట్టుటకు సంవత్సరములు పట్టును. కోలుకొనక మునుపే పురుగు మరల వచ్చినచో చెట్టు చచ్చును. విటి లెవులో జరిగినది ఇదే.

ఈ పురుగు బాధ మొదట లెక్కకెక్కినది 1877లో. నాటినుండి దాదాపు నలువది సంవత్సరములు అది విటి లెవులోనే ఉండి, కొన్ని ఏండ్లు అణగుచు, కొన్ని ఏండ్లు విజృంభించుచు వచ్చినది. ఎగురుటలో ఇది బలహీనమైన జీవి; సముద్రమును దాటుట దాని శక్తికి మించిన పని. కాని మనుష్యులకు పడవలున్నవి. పడవలలో కొబ్బరి ఆకులు, బుట్టలు, మొక్కలు ప్రయాణము చేయును. 1920 ప్రాంతమునకు సమీప ద్వీపములలో కూడ పురుగు కనబడినది. వనువా లెవు, తవేయునిలకు చేరినచో ఎండుకొబ్బరి వ్యాపారము నశించునన్న భయము అప్పుడు పుట్టినది. వ్యాపారుల భయము ఒక వంక; కొబ్బరియే జీవనమైన చిన్న దీవులలోని గ్రామముల గతి ఏమగునన్న ప్రశ్న మరియొక వంక.

ప్రభుత్వము చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. విషము చల్లుట ఆలోచింపబడినది. కాని అరువది, డెబ్బది అడుగుల ఎత్తున, ఆకు అడుగుభాగమున దాగిన పురుగు మీదికి నాటి పిచికారీలతో విషమును చేర్చుట ఎట్లు? లక్షల చెట్లకు చల్లుటకు ధనము ఎక్కడ? ఏవేవో ఉపాయములు ఫలింపకపోయిన తరువాత 1925లో జాన్ డగ్లస్ టాట్‌హిల్ అను కీటకశాస్త్రజ్ఞుని నాయకత్వమున ఒక ప్రత్యేక ప్రయత్నము మొదలయినది. టేలర్, పేన్ అను ఇద్దరు ఆయనకు సహాయకులు. వారి ఆశయము పురుగుకు శత్రువును వెదకి తెచ్చుట.

ఈ పద్ధతి అప్పటికే లోకమునకు తెలిసినదే. 1888లో కాలిఫోర్నియా నారింజ తోటలను పిండిపురుగు పాడుచేయుచుండగా ఆస్ట్రేలియా నుండి ఒక చిన్న అక్షింతల పురుగును తెప్పించి వదలినారు. అది తోటలను రక్షించినది. ఫిజీ శలభమునకు స్వదేశములోనే ప్రత్యేకమైన శత్రువు దొరకియుండిన పని సులభమయ్యెడిది. కాని అట్టి శత్రువు ఫిజీలో కనబడలేదు. టేలర్ పశ్చిమముగా వెదకుచు మలయా వరకు పోయినాడు. అక్కడ కొబ్బరి చెట్ల మీద దీనికి దాయాది వరుసయగు వేరొక చిన్న శలభమున్నది. దాని పేరు ఆర్టోనా. అదియు అప్పుడప్పుడు విజృంభించును. కాని కొద్దికాలములోనే తనంతట అణగిపోవును. అణచునది ఎవరని చూడగా ఒక ఈగ కనబడినది. ఇంటి ఈగ కన్న పెద్దది కాదు. 1925లోనే దానికి శాస్త్రీయ నామకరణము జరిగినది. నేడు దానిని బెస్సా రెమోటా అందురు.

ఆ ఈగ పని విచిత్రమైనది, వినుటకు కొంచెము కఠినమైనది. అది గొంగళిపురుగు చర్మము మీద గ్రుడ్డును అంటించిపోవును. గ్రుడ్డు నుండి పుట్టిన పిల్ల గొంగళిపురుగు లోపలికి తొలుచుకొనిపోయి, లోపలి కండను తిని పెరుగును. అది ఎదిగి వెలుపలికి వచ్చునప్పటికి గొంగళిపురుగు చచ్చియుండును. పరుల శరీరమునే ఉగ్గుగిన్నెగా చేసికొని పెరుగు ఇట్టి జీవులను పరాన్నభుక్కులు అందురు.

మలయా నుండి ఫిజీకి ఈగను చేర్చుట సామాన్యమైన పని కాదు. ఓడ ప్రయాణము మూడు వారములకు పైబడినది. ఈగ ఆయుర్దాయము స్వల్పము. మార్గమధ్యమున అది సంతానము కనవలెనన్న గొంగళిపురుగులుండవలెను. గొంగళిపురుగులు బ్రదుకవలెనన్న పచ్చని కొబ్బరి ఆకులుండవలెను. కనుక వారు పెద్ద బోనులు కట్టించి, వానిలో బ్రదికియున్న కొబ్బరి మొక్కలను పెట్టి, మొక్కల మీద గొంగళిపురుగులను, పురుగులలో ఈగ పిల్లలను ఉంచి, ఒక చిన్న తోటనే ఓడ ఎక్కించినారు. 1925 ఆగస్టులో ఆ ఓడ సువా రేవు చేరునప్పటికి బ్రదికి మిగిలిన ఈగలు మూడు వందల పైచిలుకు మాత్రమే. వానిని పెంచి, వేలకొలదిగా వృద్ధిచేసి, తోటలలో విడిచినారు.

ఆరు నెలలు గడచునప్పటికి ఫలితము కంటికి కనబడినది. బూడిదరంగు చెట్లు పచ్చబడినవి. రెండు మూడు సంవత్సరములలో ఆ పురుగును చూడవలెనన్న వెదకవలసివచ్చినది. 1930లో టాట్‌హిల్, టేలర్, పేన్ ముగ్గురును కలిసి ఈ ఉద్యమ చరిత్రను లండనులో గ్రంథముగా ప్రకటించినారు. కీటకశాస్త్రములో ఇట్టి విజయములను లెక్కించునప్పుడు నేటికిని ఫిజీ పేరు వచ్చును. ఒక్క బొట్టు విషము చల్లకుండ, చెట్టును నరకకుండ, కొద్దికాలములో ఒక దేశపు కొబ్బరిని కాపాడిన ఉపాయమది. దానిని తక్కువచేసి మాట్లాడుట కృతఘ్నతయగును.

సోదరులారా, ఇంతవరకు చెప్పినది దస్త్రములో ఒక వైపు. రెండవ వైపు ఇప్పుడు చెప్పవలసియున్నది.

ఆ శలభము ఏమయినది? 1929 తరువాత దాని జాడ నిశ్చయముగా దొరకుట లేదు. పిదప కొన్ని దశాబ్దములలో ఒకటి రెండుమారులు కనబడినదన్న వార్తలు వచ్చినవి గాని, తరువాత అవియు ఆగిపోయినవి. 1996లో ప్రకృతి పరిరక్షణకు సంబంధించిన అంతర్జాతీయ సంఘము తన పట్టికలో దానిని ‘అంతరించినది’ అను శీర్షిక క్రింద చేర్చినది. సంగ్రహాలయములలో సూదులకు గుచ్చిన నమూనాలు కొన్ని మిగిలినవి. నెమలికంఠపు మెరుపు ఆ రెక్కల మీద ఇంకను ఉన్నదేమో. ఎగురు రెక్క మాత్రము లేదు.

ఇక్కడ శాస్త్రజ్ఞులు రెండు పక్షములుగా చీలినారు. 1991లో హవాయికి చెందిన ఫ్రాన్సిస్ హోవర్త్ అను శాస్త్రజ్ఞుడు, శత్రుకీటకములను దిగుమతి చేయుటలోని ప్రమాదములను వివరించుచు, ఫిజీ శలభమును ముఖ్యోదాహరణముగా చూపినాడు. 2003లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆర్మండ్ కూరిస్ ఆ అభిప్రాయమును ప్రశ్నించినాడు. ఆయన వాదమిది: ఈ శలభము ఫిజీకి స్థానికము కాదు, పశ్చిమమున ఏదో ద్వీపము నుండి వచ్చిచేరినది. 1877కు ముందు దాని మాట లేకపోవుటయు, ఉన్నట్లుండి విజృంభించుటయు, స్థానికమైన శత్రువు లేకపోవుటయు అందుకు నిదర్శనములు. అట్లయినచో దాని స్వస్థలములో అది ఇంకను బ్రదికియుండవచ్చును; ఫిజీలోనే ఏ మూలనైన కొద్దిగా మిగిలియుండవచ్చును. 2006లో మార్క్ హాడిల్ అను మరియొక శాస్త్రజ్ఞుడు పాత నివేదికలనన్నిటిని తిరుగవేసి ఈ ప్రశ్నను మరల పరిశీలించినాడు.

మొదటి పక్షమువారి ప్రశ్న కూడ బలమైనదే. ఇది పరదేశి యగుచో, ఆ పరదేశము ఏది? పశ్చిమ ద్వీపములలో ఇంతవరకు ఎవరికిని అది దొరకలేదే! ఎగురుటకు శక్తి చాలని ఈ ప్రాణి ఒకే పెద్ద ద్వీపములో ఉండుట స్థానికతకు గుర్తు కాదా? ఇంకొక సంగతి కూడ కలదు. ఈగకు ఆహారము ఈ శలభమొక్కటియే కాదు. శలభము కరవయినప్పుడు ఈగ ఇతర గొంగళిపురుగుల మీద బ్రదికినది. ఒక్క పురుగునే తినునదయినచో, పురుగు అరుదు కాగా ఈగయు అరుదయి, కొంత సమతౌల్యము ఏర్పడియుండెడిది. వేరు ఆహారమున్నందున ఈగ తగ్గలేదు. మిగిలిన శలభములకు తెరపి దొరకలేదు. ఇదే కుటుంబమునకు చెందిన హెటెరోపాన్ డొలెన్స్ అను ఫిజీ శలభము కూడ ఆ ఈగ వలననే దెబ్బతిన్నదేమో అని శాస్త్రజ్ఞులు అనుమానించినారు. పాపము, అది కొబ్బరికి ఏ అపకారమును చేసినది కాదు.

ఈ వివాదములో తీర్పు చెప్పుటకు నాకు అర్హత లేదు. కాని మన దేశపు అనుభవములు రెండు దీని ప్రక్కన పెట్టి చూడవచ్చును.

మొదటిది నాగజెముడు. ఆ ముళ్ల మొక్క అమెరికా ఖండము నుండి వచ్చి దక్షిణ దేశములో పొలముగట్లను, బీళ్లను ఆక్రమించినది. పశువులకు మేత లేదు, మనుష్యులకు దారి లేదు. ఫిజీలో ఈగను విడిచిన మరుసటి ఏడే, అనగా 1926లో, సింహళము నుండి కొచినీల్ జాతి పొలుసుపురుగును తెప్పించి మన ప్రాంతములలో వదలినారు. ఐదారు సంవత్సరములలో ఆ మొక్క విస్తారముగా నశించినది. నాగజెముడు మీద మనకు జాలి పడవలసిన పని లేదు. ఏలయనగా దాని పుట్టినిల్లు అమెరికాలో ఉన్నది. అక్కడ అది సుఖముగానే ఉన్నది. మన ఇంటిలోనుండి దానిని వెళ్లగొట్టితిమే గాని, లోకము నుండి వెళ్లగొట్టలేదు.

రెండవది ముంగిస. చెరకు తోటలలోని ఎలుకలను చంపుటకు 1883లో మన దేశపు ముంగిసలను ఫిజీకి తీసికొనిపోయినారు. ముంగిస ఎలుకలతో తృప్తిపడలేదు. నేల మీద గూడు పెట్టు పక్షులను, వాని గ్రుడ్లను తిన్నది. కొన్ని పక్షిజాతులు పెద్ద ద్వీపముల మీద కనబడకుండ పోయినవి. పసిబిడ్డను పామునుండి కాపాడిన ముంగిసను తొందరపడి చంపి, పిదప ఏడ్చిన ఇల్లాలి కథ మనమందరము బాల్యములో విన్నదే. ఫిజీలో కథ తలక్రిందులయినది. అక్కడ తొందరపడి ముంగిసను తెచ్చి, పిదప ఏడ్చినారు.

ఈ రెండిటి మధ్య మన శలభము నిలుచున్నది. దాని పుట్టినిల్లు ఎక్కడ? ఫిజీయా, మరియొక చోటా? ఈ ఒక్క ప్రశ్నకు సమాధానము మీదనే మొత్తము వ్యవహారము ఆధారపడియున్నది. మరియొక చోట అయినచో ఇది నాగజెముడు వంటి కథ. ఫిజీయే అయినచో, ఒక జీవికి లోకములో ఉన్న ఒకే ఇంటిలోనుండి దానిని మనుష్యుడు తుడిచివేసిన కథ. నిర్ణయము తీసికొనునాటికి ఆ ప్రశ్నకు సమాధానము లేదు. ఇప్పుడు విచారింపవలెనన్న ప్రశ్నింపవలసిన ప్రాణి లేదు.

ఒక్క క్షణము 1925లో ఫిజీ సచివాలయములో కూర్చున్న ఉద్యోగి స్థానములో నన్ను నేను ఊహించుకొందును. నా ముందు దస్త్రమున్నది. ఒక ప్రక్క ఎండిన చెట్లున్న గ్రామముల నివేదికలు. మరియొక ప్రక్క తోటల యజమానుల అర్జీలు. మధ్యన శాస్త్రజ్ఞుని సిఫారసు. పురుగు ఇంకొక ద్వీపమునకు దాటుచున్నది. జాప్యము చేసినచో ఆకలి పెరుగును. నిజము చెప్పవలెనన్న నేనును సంతకము చేసియుందును. ఈ సభలోని నా సహోద్యోగులలో చేయనివారు ఉందురని అనుకొనను. ఆకలిగొన్న మనుష్యుని ముందు పురుగు అందమును వర్ణించుట ధర్మము కాదు.

కాని సంతకమునకు ముందు ఆ దస్త్రములో ఒక్క వాక్యము ఉండవలసినదని నాకు తోచును: ‘ఈ చర్యను తిరిగి సరిదిద్దుటకు వీలులేదు.’ మనము ప్రతిదినము ఎన్నియో ఉత్తరువులు వ్రాయుచుందుము. తప్పు జరిగినచో సవరణ వెలువరింతుము. అవసరమైనచో రద్దు చేయుదుము. ఈగకు రద్దు ఉత్తరువు లేదు. అడవిలోనికి విడిచిన ప్రాణిని వెనుకకు పిలుచుట ఏ ప్రభుత్వమునకును సాధ్యము కాదు. సవరింపదగిన నిర్ణయమును, సవరింపరాని నిర్ణయమును ఒకే కలముతో, ఒకే వేగముతో వ్రాయుట మన వృత్తిలోని పెద్ద దోషము. ఆ రెంటి భేదమును ఈ చిన్న శలభము నాకు నేర్పినది.

ఆ భేదమును లోకము కూడ క్రమముగా గుర్తించినది. 1995లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పరదేశపు శత్రుకీటకములను దిగుమతి చేయుటకు, విడుచుటకు నియమావళిని ఆమోదించినది. 2005లో దానిని సవరించినది. విడుచుటకు ముందు ఆ జీవి ఏయే ఇతర ప్రాణులను తినగలదో పరీక్షింపవలెనన్న ఆలోచన నేడు అన్ని దేశములలో నెలకొన్నది. మన దేశములో హానికర కీటకములను గురించి 1914లోనే చట్టము చేయబడినది. దాని క్రింద 2003లో వెలువడిన మొక్కల దిగుమతి ఉత్తరువులో ఇట్టి కీటకములను తెప్పించుటకు ముందుగా అనుమతి పొందవలెనని కలదు. ఇట్టి నియమములను చూచి ‘ఎర్ర నాడా’ అని విసుగుకొనువారున్నారు. కొన్ని నాడాలు ఊరక పుట్టలేదు. వాని ముడులలో ఎక్కడనో ఫిజీ శలభపు రెక్క కూడ చిక్కుకొనియున్నది.

పురుగును అణచుట వేరు, లేకుండ చేయుట వేరు. పంటను కాపాడవలెనన్న పురుగును తగ్గించిన చాలును. ఫిజీలో కోరినది తగ్గించుటయే. జరిగినది అంతకు మించినది కావచ్చును. కోరినదానికి, జరిగినదానికి నడుమ ఎంత దూరమో ముందుగా కొలుచుట శాస్త్రజ్ఞుని పని. ఆ కొలత అడుగుట మన వంటివారి పని. అడుగుటకు జంతుశాస్త్రము చదివియుండనక్కరలేదు. ‘దీని ఇల్లు ఎక్కడ? ఇది మరియొక చోట ఉన్నదా? మనము పొరబడినచో ఏమగును?’ ఈ మూడు ప్రశ్నలు చాలును.

ఫిజీలో కొబ్బరి చెట్లు నేడు పచ్చగానే ఉన్నవి. గిర్మిట్ మీద వెళ్లినవారి మనుమలు, మునిమనుమలు పండుగనాడు కొట్టు కాయ ఆ చెట్లదే. ఆ పచ్చదనము వెనుక మూడు వందల ఈగల ఓడ ప్రయాణమున్నది. కనబడకుండ పోయిన ఒక నీలిరెక్కయు ఉన్నది. మొదటిదానికి కృతజ్ఞత చెప్పుకొందము. రెండవదానిని మరువకుందము.

నా ప్రసంగ విషయమును చూచి నవ్విన పిల్లలు ఇప్పుడు ముందు వరుసలో కూర్చుండి వినుచున్నారు. వారికి ఒక్క మాట చెప్పి ముగించెదను. మన క్వార్టర్ల తోటలో వానకాలమున దీపము చుట్టు శలభములు చేరును. వానిని చీపురుతో ఊడ్చివేయుటకు ముందు ఒకమారు దగ్గరగా చూడుడు. రెక్కల మీది గీతలను, రంగులను ఒక నోటుపుస్తకములో వ్రాసికొనుడు. 1877కు ముందు విటి లెవులో ఎవరైన అట్లు చూచి వ్రాసియుండినచో, నేడు ఇంతమంది శాస్త్రజ్ఞులు తగవులాడుకొనవలసిన పని ఉండెడిది కాదు.